కోత చేతులు

నాకు నోరెక్కువని మా ఊళ్లో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. వెల్దుర్తి మండలంలో మెట్ట చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. ఆశా కార్యకర్తగా చేరిన కొత్తలో అందరికీ మెల్లగా, మర్యాదగా చెప్పి చూశాను. "పుట్టిన రోజే బిడ్డకు నీళ్లు పోయకండమ్మా, చలి పట్టుద్ది" అంటే "సరేనమ్మా" అని నన్ను నవ్వుతూ సాగనంపేవాళ్లు. నేను సందు మలుపు తిరగకముందే నీళ్ల చప్పుడు వినపడేది. ఆ తర్వాత గొంతు పెంచాను. గొంతు పెంచాక పని జరిగింది. అప్పట్నుంచీ తగ్గించలేదు.

పుట్టిన బిడ్డ ఉన్న ఇంటికి నెలన్నర పాటు రోజులు లెక్కపెట్టుకుని వెళ్లి చూడటం నా పని. నా సంచిలో ఒక థర్మామీటరు, ఊపిరి లెక్కపెట్టడానికి ఒక గడియారం, ఒక స్ప్రింగు కాటా, దానికి తగిలించే గుడ్డ ఉయ్యాల ఉంటాయి. బిడ్డను ఆ ఉయ్యాలలో వేసి పైకెత్తగానే ఇంట్లో వాళ్లందరూ ఊపిరి బిగబట్టి ముల్లు వైపు చూస్తారు. నేను కూడా చూస్తాను. ఇన్నేళ్లయినా ఆ ముల్లు నిలబడేదాకా నాకు నోట మాట రాదు. నా నోరు మూయించగలిగింది ఈ ఊళ్లో అదొక్కటే.

ఇప్పుడు చెప్పబోయేది మూడేళ్ల కిందటి సంగతి. మాఘమాసం. మిరపకాయ కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, ఊరు ఊరంతా ఎర్రగా ఉంది. బయట నుంచి ఎవరన్నా వస్తే బస్సు దిగుతూనే తుమ్ముతారు. మేం తుమ్మం. ఆ ఘాటులో పుట్టి పెరిగిన ముక్కులు మావి, ఘాటు ఉందన్న సంగతే మాకు గుర్తుండదు.

మా వెనక వీధిలో ఒకామె ఉండేది. భర్త పోయి చానా ఏళ్లయింది, కూలి చేసి ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. నాకంటే పెద్దది, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. అల్లుడు సత్తెనపల్లిలో మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నరసరావుపేట పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పదిహేను రోజులు అద్దాల పెట్టెలో ఉంచి, ఇక ఫర్వాలేదనుకున్నాక ఇంటికి పంపారు. ఇంటికి వచ్చేనాటికి బరువు కేజీ ముప్పావు.

కేజీ ముప్పావు అంటే ఎంతో ఎత్తుకుంటేగానీ తెలియదు. చేతిలో ఉందో లేదో అనుమానం వచ్చి మళ్లీ చూసుకోవాలి. అంత చిన్న ఒంటికి తన వేడి తాను నిలుపుకునే బలం ఉండదు. అందుకని ఆసుపత్రిలో నర్సమ్మ తల్లికి నేర్పి పంపింది. బిడ్డకు టోపీ, మొలగుడ్డ తప్ప ఇంకేమీ వేయకుండా, తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి పెట్టుకోవాలి. పైన మెత్తటి గుడ్డతో కట్టుకోవాలి. రోజులో వీలైనంత సేపు అలాగే ఉంచాలి. తల్లి అలిసిపోతే ఇంట్లో ఇంకొకరు పెట్టుకోవాలి.

ఆ ఇంట్లో ఇంకొకరంటే ఆ పెద్దామె ఒక్కతే. కూతురికి కుట్లు సరిగా మానలేదు, రక్తం తక్కువ, కాసేపు ఆనుకుని కూర్చుంటే కళ్లు తిరిగేవి. మొదటి రోజు నేను వెళ్లి, "పిన్నీ, సాయంత్రం పూట నువ్వు పెట్టుకో" అన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనొద్దులేమ్మాయ్. నాకు అచ్చిరాదు."

"అచ్చిరావడం ఏంది? నువ్వేమన్నా చీర కొంటన్నావా? బిడ్డను పట్టుకోమంటన్నా."

"నా సంగతి నీకు తెలవదు."

"తెలుసుకునే తీరిక నాకు లేదు. జాకెట్ విప్పి కూర్చో."

అలా గదమాయించి కూర్చోబెట్టాను. బిడ్డను ఎలా పట్టుకోవాలో, తల ఏ పక్కకు తిప్పాలో, ఎలా కట్టుకోవాలో చూపించాను. ఎందుకు అచ్చిరాదో అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజు ఆమె కోతకు పోలేదు. మర్నాడు తెల్లవారకముందే పోయింది. ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్లజూసేది ఆ రెండు నెలలే, పోకపోతే ఎలా? మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి, తలస్నానం చేసి, చీర మార్చుకుని, అప్పట్నుంచి రాత్రి పడుకునేదాకా బిడ్డను గుండె మీద పెట్టుకునేది. రొమ్ము పట్టి పాలు తాగే బలం బిడ్డకు పూర్తిగా రాలేదు. తల్లి పాలు పిండి గిన్నెలో పోస్తే, ఈమె వేలితో ఒక చుక్క బిడ్డ పెదవులకు రాసి, నోరు తెరిచాక ఉగ్గుగిన్నెతో పోసేది.

నేను రోజూ పొద్దున తొమ్మిదింటికి వెళ్లేదాన్ని. ఆ వేళకు పెద్దామె చేలో ఉండేది. బిడ్డ తల్లి గుండె మీద హాయిగా నిద్రపోతూ ఉండేది. ఒళ్లు వెచ్చగా ఉండేది, ఊపిరి బాగుండేది. "బంగారంలా ఉందే నీ కూతురు" అని చెప్పి వచ్చేసేదాన్ని.

వారం తిరిగాక కాటా వేశాను. ముల్లు కేజీ ముప్పావు దగ్గర ఆగలేదు. ఒక గీత వెనక్కి పోయింది. దించి, ఉయ్యాల సరిచేసి మళ్లీ వేశాను. మళ్లీ అక్కడే.

 భయం మొహంలో కనపడనివ్వకుండా, "పాలు సరిగ్గా తాగడం లేదా?" అని అడిగాను.

"పొద్దున బాగానే తాగుద్దక్కా. సాయంత్రం అయితే చాలు, గుక్కపట్టి ఏడుపు. గిన్నె నోటికి పెడితే మూతి తిప్పేసుకుంటది. అమ్మ ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ."

"సాయంత్రం పూట చంటిపిల్లలు ఏడుస్తారులే" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను చానా తిట్టుకున్నాను తర్వాత.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ చెప్పింది, మూడు రోజులు చూసి మళ్లీ తూచమని, ఇంకొక్క గీత తగ్గినా, పాలు పూర్తిగా మానేసినా క్షణం ఆగకుండా తీసుకురమ్మని. ఆ మాట విన్న కూతురు బిడ్డను చీర కింద దాచుకుని ఏడ్చింది. మళ్లీ ఆ పెట్టెలోకి పంపనని, పోయినసారి అద్దం ఇవతల నిలబడి చూసిన పదిహేను రోజులూ తను బతికి లేనని అంది. "అవసరమైతే పంపాలే, బిడ్డ బతకాలా వద్దా?" అని కసిరి బయటికి వచ్చాను.

ఆ మధ్యాహ్నం పెద్దామె కల్లం నుంచి వస్తూ దారిలో ఎదురుపడింది. నా భయమంతా ఆమె మీద కోపంగా పోశాను.

"పిన్నీ, నువ్వు సరిగ్గా పట్టుకోవడం లేదు. భయపడి ఎడంగా పట్టుకుంటన్నావు. గట్టిగా ఆనించుకో. ఇంకాసేపు ఎక్కువ పెట్టుకో. పాలు నోట్లో పడేదాకా వదలమాక."

ఆమె తల ఊపింది. 

రెండో రోజు మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ బిడ్డను ముట్టుకోనంటంది. బయట అరుగు మీద కూర్చుంది, లోపలికి కూడా రావడం లేదు. నిన్న సాయంత్రం నుంచీ బిడ్డ సరిగ్గా తాగలేదు. పొద్దున కాస్త తాగింది, అంతే."

నేను ఉన్నపళంగా పరిగెత్తాను. పెద్దామె అరుగు మీద కూర్చుని ఉంది. తల తడిగా ఉంది, ఉతికిన చీర కట్టుకుంది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటి వైపే చూస్తోంది.

"ఏంది పిన్నీ, ముట్టుకోనన్నావంట?"

"ముట్టుకోనమ్మాయ్. నీకు ముందే చెప్పా, నా చెయ్యి అచ్చిరాదని. నువ్వు వినలా."

"ఏమైందో సరిగ్గా చెప్పు."

అప్పుడు చెప్పింది. ఈ కూతురి కంటే ముందు ఆమెకు ఇద్దరు పుట్టారు. మొదట కొడుకు, తర్వాత కూతురు. ఇద్దరూ నెలలు తక్కువై పుట్టారు, ఇద్దరూ వారం తిరక్కుండానే పోయారు. పాలు మానేసి, కళ్లు మూసుకుని, ఆమె చేతుల్లోనే పోయారు. రెండోసారి పోయినప్పుడు ఎవరో ముసలామె ఆమె చేతులు పట్టుకు చూసి, ఈ చేతిలో పసిబిడ్డ నిలవదని అంది. మూడో కాన్పులో ఈ పిల్ల పుట్టినప్పుడు నెలరోజులు ఆమె బిడ్డను ఎత్తుకోలేదు. పాలివ్వడానికి ఒళ్లో పడుకోబెడితే ఇచ్చేది, చేతులు మాత్రం పక్కకు పెట్టుకునేది. ఆడపడుచు చేత పెంచించింది.

"ఇప్పుడు ఇది కూడా నేను ముట్టుకుంటే పాలు మానేస్తంది. వాళ్లమ్మ దగ్గర తాగుద్ది, నా దగ్గరకొస్తే మొహం తిప్పుద్ది. చంటిదానికి తెలిసింది, నాకు తెలవదా? ఎవరు చెప్పాలమ్మాయ్ ఇంకా?"

నాకు ఏడుపొచ్చింది. ఇళ్లల్లోకి వెళ్లి ఏడవకూడదని మాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు గానీ, నేనెప్పుడూ ఏడవను. ఆ రోజు ఆగలేదు. ఆమె పక్కన కూర్చుని రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. మోటుబారిన చేతులు, వేళ్ల చివర్లు గట్టిపడి పగుళ్లు పట్టి ఉన్నాయి. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత కళ్లు తుడుచుకున్నాను.

కళ్లు భగ్గుమన్నాయి. నిప్పు పెట్టినట్టు మండి, ముక్కు కారి, ఏమీ కనపడక నీళ్ల తొట్టి కోసం తడుముకున్నాను. పెద్దామె తన దుఃఖం మరిచిపోయి లేచి చెంబుతో నీళ్లు కుమ్మరించింది.

"కోత చేతులమ్మాయ్ ఇవి, మంట ఉండదా? పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకుంటావా? ఈ ఊళ్లో ఉండేదానివేనా అసలు?"

నీళ్లు కారుతున్న మొహంతో అలాగే నిలబడిపోయాను.

"పిన్నీ, స్నానం చేశావుగా?"

"చేశా. చేతులు సబ్బు పెట్టి రెండుసార్లు రుద్దుకున్నా. బిడ్డను పట్టుకునే ముందు కడుక్కోమని చెప్పింది నువ్వేగా."

"రోజూ ఇట్టాగే చేసి, ఆ వేలితోనే బిడ్డ మూతికి పాలు రాస్తన్నావా?"

ఆమె నా వైపు చూసింది. తన వేళ్ల వైపు చూసుకుంది. 

మిరప మంట నీళ్లకూ సబ్బుకూ పోదు. అది మాకు తెలియని సంగతి కాదు. కోతలకు పోయే ఆడవాళ్లు రాత్రిళ్లు చేతులు మండుతున్నాయని నూనె రాసుకోవడం మేం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ ముప్పై ఏళ్లు కాయలు కోసి కోసి ఆమె చేతులకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మంట లేదు కాబట్టి నూనె లేదు. వాసన చూసుకుందామన్నా ఊరంతా అదే వాసన. ఇక నేను, పొద్దున్నే వచ్చి పాఠాలు చెప్పి పోయే పెద్దమనిషిని, సాయంత్రం పూట ఒక్కసారి వచ్చి ఆ చేతులు పట్టుకుని చూసిన పాపాన పోలేదు. పైగా గట్టిగా ఆనించుకోమని, ఇంకాసేపు పెట్టుకోమని అరిచాను. ఆమె నా మాట విన్న కొద్దీ బిడ్డ పెదవులు మండాయి. తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం పూట పెద్దామె బిడ్డను కట్టుకునే గుడ్డ తెమ్మన్నాను. కూతురు లోపల్నుంచి తెచ్చింది. పాత నూలు చీర ముక్క. చేలో తలకూ నడుముకూ చుట్టుకునే చీరనే ఉతికి చింపారు. ఇంట్లో అంత మెత్తటి గుడ్డ ఇంకొకటి లేదని. దాన్ని నా పెదవులకు ఆనించి చూశాను. అదీ మండింది. నా సంచిలో ఎప్పుడూ ఉండే కొత్త గుడ్డ తీసి ఇచ్చాను.

తర్వాత ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి వేరుశనగ నూనె తెప్పించాను. మోచేతుల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద బాగా పట్టించి, గుడ్డతో తుడిచి, శనగపిండితో రుద్ది కడిగాను. గోళ్లు మొదళ్లకు కత్తిరించాను. మెడ, ఛాతీ కూడా అలాగే చేయించాను. అంతా అయ్యాక, "వేలు నా పెదవి మీద పెట్టు" అన్నాను.

"ఛీ, ఏందమ్మాయ్."

"పెట్టమంటన్నాగా."

పెట్టింది. చురుక్కుమంది. మళ్లీ నూనె, మళ్లీ పిండి. మళ్లీ పెట్టింది. కొంచెం మంట ఉంది. మూడోసారి ఆమే పట్టుదలగా రుద్దుకుంది, చర్మం ఎర్రబడేదాకా. వేలు తెచ్చి నా పెదవి మీద పెట్టి, కళ్లార్పకుండా నా మొహం చూస్తూ నిలబడింది. నేను నాలుకతో పెదవి తడుపుకున్నాను. ఏమీ లేదు. శనగపిండి రుచి తప్ప ఏమీ లేదు.

"పోయింది పిన్నీ" అన్నాను.

లోపలికి వచ్చింది. బిడ్డను ఆమె గుండె మీద నేనే పెట్టి, కొత్త గుడ్డ కట్టాను. బిడ్డ కాసేపు ముక్కు కదిలించింది, తల అటూ ఇటూ తిప్పింది. ముగ్గురం ఏడుపు కోసం ఎదురుచూశాం. ఏడుపు రాలేదు. పెద్దామె వేలితో పాలచుక్క తీసుకుంది.  పెదవులకు రాసింది. బిడ్డ చప్పరించింది. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. ఉగ్గుగిన్నె ఖాళీ అయ్యేదాకా తాగి, ఒక మూలుగు మూలిగి, అక్కడే నిద్రపోయింది.

మర్నాటి నుంచి ఆమె కోతకు పోలేదు. నేను చెప్పకముందే మానేసింది. నర్సమ్మ చెప్పిన మూడో రోజు కాటా వేస్తే ముల్లు తగ్గకుండా ఉన్నచోటే ఉంది, వారం తర్వాత వేస్తే మూడు గీతలు ముందుకు పోయింది. కూతురు నవ్వుతూ ఏడ్చింది, నేను ఇద్దర్నీ కేకలేశాను, ఎందుకో నాకే తెలియదు. ఆ పిల్ల బతికి బట్టకట్టింది. ఇప్పుడు సత్తెనపల్లిలో అంగన్‌వాడీకి పోతోంది. అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి నా సంచి బోర్లించి కాటా లాక్కుంటుంది. నోరు నాకంటే ఎక్కువే.

అప్పట్నుంచీ నా సంచిలో ఒక చిన్న నూనె సీసా కూడా ఉంటోంది. కోతల రోజుల్లో పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఒకసారి సాయంత్రం పూట వెళ్తాను. ఎవరు బిడ్డను ఎత్తుకుంటే వాళ్ల వేలు నా పెదవి మీద పెట్టమంటాను. వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

కానీ ఆ సాయంత్రం సంగతి ఒకటి చెప్పకుండా దాటేశాను. 

బిడ్డ నిద్రపోయాక నేను సంచి సర్దుకుంటున్నాను. పెద్దామె గోడకు ఆనుకుని కూర్చుని, బిడ్డ వీపు మీద రెండు చేతులూ కప్పింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, అయితే మరి అప్పుడు నా పిల్లలు కూడా ఈ మిరపకాయ వల్లేనా పోయింది? నా చేతుల వల్లేనా?"

నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. అబద్ధం చెప్పి సర్దుదామని నోటి దాకా వచ్చింది. ఆగాను.

"వాళ్లు ఎప్పుడు పుట్టారు పిన్నీ? ఏ నెలలు?"

"పిల్లోడు శ్రావణంలో. పిల్ల కార్తీకంలో, వానల్లో."

నాకు ఊపిరి వచ్చింది. "శ్రావణంలో నారు కూడా నాటరు గదే పిన్నీ. కార్తీకంలో పూతే ఉంటది. కాయ యాడుంది, కోత యాడుంది? నీ చేతుల్లో మంట యాడుంది?"

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "అవును, లేదు" అంది. "నా చేతులు కాదు."

"కాదు. చిన్న పిల్లలు, నెలలు నిండలా. ఒంట్లో వేడి నిలవలేదేమో. నాకు తెలిసింది అంతే."

"చల్లగా ఉండేవాళ్లమ్మాయ్, ఇద్దరూ. చాప మీద పడుకోబెట్టి దుప్పటి మీద దుప్పటి కప్పేదాన్ని. అయినా చల్లగానే ఉండేవాళ్లు." బిడ్డ టోపీ మీద గడ్డం ఆనించింది. "ఇట్టా గుండె మీద పెట్టుకోవచ్చని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు."

 కూతురు లేచి, కుట్లు పట్టుకుంటూ వెళ్లి, కంచంలో అన్నం, పెరుగు కలుపుకొచ్చింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు పెద్దామె. కంచం ముందు పెట్టినా ఆమె బిడ్డ మీద నుంచి చేతులు తీయలేదు. కూతురే ముద్దలు చేసి తల్లి నోట్లో పెట్టింది.